తాడిచెట్టు కూలేలోగా

మూలపేట నుంచి మా అక్క మొగుడు నీలకంఠం ఫోన్ చేశాడు. ఒడ్డున ఉన్న పెద్ద తాడిచెట్టును దూలాలకు అమ్మేశారట, సోమవారం కొట్టేస్తారట. ఆయన దిగులు చెట్టు గురించి కాదు, రాయి గురించి. సముద్రం అడుగున వాళ్ల నాన్న చూపించిన రాయి ఒకటుంది. చేపలన్నీ దాని చుట్టూ చేరతాయి. పడవలోంచి చూస్తే తాడిచెట్టు మహేంద్రగిరి మొనకు సూటిగా రావాలి, గుడి శిఖరం సరుగుడు తోట అంచును తాకాలి. రెండు గుర్తులూ కలిసిన చోటే రాయి. చెట్టు పోతే రాయి పోయినట్టే.

మర్నాడే విశాఖలో పాత సామాన్ల దుకాణానికి వెళ్లి, ఆ చోటును గుర్తుపెట్టుకోవడానికి చేతిలో పట్టే జీపీఎస్ కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అది చిన్న విమానాలు నడిపేవాళ్లది. నాకు విమానం లేదు, అనుమానం మాత్రం నిండా ఉంది.

శనివారం ఉదయం ఆరింటి ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని దాన్ని బయటికి చాపాను. రైలు వేగం చూపించింది, మేమెంత ఎత్తులో ఎగురుతున్నామో కూడా చెప్పింది. ఎదుటి సీట్లో కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి ముందుకు వంగాడు.

"పలాస ఎప్పుడొత్తాదో సెప్తాదేటి బావూ?"

దానికి తెలిసినవన్నీ విమానాశ్రయాలే అన్నాను. "అయితే మా ఊరు దానికి లేనట్టే" అని ఆయన ఇడ్లీ పొట్లం విప్పి, నాకూ రెండు పెట్టాడు.

నౌపడాలో దిగి, ఆటోలో మూలపేట చేరేసరికి పదిన్నర. అక్క పెట్టిన చేపల పులుసు తిని పడవెక్కాం. ఆకాశం తేటగా ఉంది, కొండ మొన స్పష్టంగా కనబడుతోంది. కానీ ఫోన్లో నోటితో చెప్పినా, రాయి గుర్తులు కలిసే తీరు ఇంటి మగపిల్లలకు తప్ప ఎవరికీ చూపించరు. నేను బావమరిదినైనా పరాయివాణ్ణే.

"ఒడ్డు కేసి సూడకు బావా. సముద్రం కేసి తిరిగి కూకో."

బుద్ధిగా తిరిగి కూర్చున్నాను. కాసేపటికి ఆయన తాడుకు కట్టిన సీసపు గుండు వదిలాడు. అడుగున రాయి తగిలింది. "ఇక్కడే" అన్నాడు. మీట నొక్కాను. పేరేం పెట్టాలని యంత్రం అడిగింది, పేరు కూడా చెప్పనన్నాడు. చివరికి ఒకటో నంబరుగా దాచాను.

పరీక్షకని చాలా దూరం వెళ్లి, ఈసారి ఆయన కూడా ఒడ్డుకు వీపు పెట్టాడు. కుడికి, ఇంకొంచెం కుడికి అని నేను చెబుతుంటే పడవ నడిపాడు. గుండు మళ్లీ రాయికే తగిలింది. ఆకాశంలో తిరిగేవాళ్ల వస్తువు నీటి అడుగున రాయిని పట్టిచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం నేను బ్యాగు సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్ను వెనక్కి తిప్పి కూకోబెట్టినాను గానీ, రాయి నీ సేతిలోనే ఉండిపోనాది కదేటి. ఇప్పుడది నీతో రైలెక్కేత్తాది."

నవ్వాను. ఆయన నవ్వలేదు. నిజానికి యంత్రాన్ని నా దగ్గరే ఉంచుకుని, ఆయనకు ఆ చోటు అంకెలు రాసిద్దామనుకున్నాను. బ్యాగులోంచి తీసి చేతిలో పెట్టి, ఏ మీట నొక్కాలో రెండుసార్లు చూపించాను. మూడోసారి ఆయనే నన్ను సముద్రం కేసి తిప్పి నొక్కుకున్నాడు.

తిరుగు రైల్లో చీకటి పడింది. పక్కన పనసకాయ ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ ఇది ఏ స్టేషనని అడిగింది. నాకు తెలియలేదు. కిటికీలోంచి చూసి కూడా చెప్పలేకపోయాను. రాయి మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది.