కొసరు అడగని బేరగాడు

బర్రాంకియా ఊళ్ళో రెబోలో పేట ముసలమ్మలంతా ఏకమై ఆ ఏడు కార్నివాల్‌కి ఎదిల్మాను తమ రాణిగా ఎన్నుకున్నారు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి అరవై దాటిన ఆ మనిషికి కాలు నేల మీద నిలవలేదు. అమ్మకానికి మొక్కజొన్న అరెపలు వేయిస్తూ నడుము తిప్పడం, నూనె మాడబెట్టుకోవడం, నవ్వుకోవడం. ఒక్కటే లోటు. ఊరేగింపులో ఆడడానికి రాణికి వెడల్పాటి కుచ్చుల పావడా లేదు. అంత గుడ్డ కొనాలంటే, తను ఒకప్పుడు ఐసు పాకెట్లు పెట్టి అమ్మిన పెద్ద ఫ్రీజరు అమ్ముడుపోవాలి. పోకపోతే కిరీటం వెనకవీధి ముసలమ్మకి పోతుంది.

పక్కింటి దిల్యా ఫోటో తీసి ఫోనులో ప్రకటన పెట్టింది. ఎలాగూ బేరమాడతారు కదా అని ధర కాస్త పెంచే చెప్పారు. కాసేపటికే ఒకడు ఫోన్ చేశాడు.

"మీరు చెప్పిన ధరకే తీసుకుంటాను మేడమ్. డబ్బు పంపేశాను, రసీదు చూడండి. బండి బయల్దేరింది."

రసీదు బొమ్మ వచ్చింది. ఎదిల్మా గదిలో ఓ చుట్టు తిరిగి, రెండో చుట్టులో ఆగిపోయింది.

"బేరమాడలేదేమే వీడు?"

"నీ రాణి కళకి దడుచుకున్నాడేమో వదినా."

"నా మొహమే చూడలేదు, ఇంకేం దడుపు? ఈ ఊళ్ళో శవపేటిక కొన్నవాడు కూడా కొవ్వొత్తులు కొసరు అడుగుతాడు."

మళ్ళీ ఫోన్ కలిపి, దిల్యాకీ వినబడేలా పెట్టింది. "బాబూ, కొసరుగా ఐసు అచ్చులు పెట్టమంటావా?"

"అవేం వద్దు మేడమ్. ఫ్రీజరు బండివాడికి అప్పగించండి చాలు."

ఎదిల్మా ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. "సొంత డబ్బు పెట్టినవాడికే కొసరు మీద ఆశ ఉంటుందే. ఖాతా చూడు."

దిల్యా చూసింది. ఖాతాలో చిల్లిగవ్వ పడలేదు.

ఇంతలో గుమ్మంలో బండి హారన్ మోగింది. ఫోనులో గొంతు తొందరపెట్టింది. "డబ్బు దారిలో ఉంది మేడమ్."

"దాన్ని రానీ నాయనా. అది చేరాకే ఫ్రీజరు గడప దాటుతుంది."

అవతల ఫోన్ కట్టయింది, మళ్ళీ కలవలేదు.

బండివాడు ఉబాల్దో కిరాయికి వచ్చిన అమాయకుడు. జరిగింది విని అరుగు మీద కూలబడ్డాడు. "నా కిరాయి ఎవరిస్తారు పిన్నీ?"

"వాడు దొరికితే నాకూ చెప్పు. ముందు ఈ అరెప తిను."

తింటూ తింటూ లేచి, ఫ్రీజరు మూత ఎత్తి తల లోపల పెట్టాడు. "గట్టిగా గడ్డ కడుతుందా?"

"ఇంకాసేపు అలాగే ఉండు, నీకే తెలుస్తుంది."

ఉబాల్దో భార్య ఆటస్థలం దగ్గర చల్లటి పళ్ళరసాలు అమ్ముతుంది. ఆవిడకి పనికొస్తుందని అతను బేరానికి దిగాడు. ఫ్రీజరు కాలు సొట్టపడిందన్నాడు, రంగు పోయిందన్నాడు, అచ్చులతోబాటు దాని కింది ఎత్తుపీట కూడా కొసరుగా కలపమన్నాడు. అతను ధర తగ్గించిన కొద్దీ ఎదిల్మా మొహం వెలిగిపోయింది. మాట కుదిరాక భార్యకు ఫోన్ చేస్తే, ఆవిడ నగదు పట్టుకుని మోటారుసైకిల్ మీద దిగి, బేరం మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది.

ఎదిల్మా నోట్లు వెలుతురులో ఎత్తి చూసుకుని, రవికలో దోపుకుని, ఫ్రీజరుతోబాటు బండెక్కింది. వీధంతా ఈలలు వేస్తుంటే దాని మీద కూర్చుని చెయ్యి ఊపింది.

"పడిపోతావు పిన్నీ, గట్టిగా పట్టుకో," అన్నాడు ఉబాల్దో.

"ఎర్ర గుడ్డా, పసుపుదా?" దిల్యా వెనక పరిగెత్తుతూ అడిగింది.

"రెండూ. నువ్వు పోనీ నాయనా, గుడ్డల కొట్టు మూసేస్తారు."