మక్తల్‌కు మోసుకెళ్ళిన నోటుబుక్కు

పక్క జిల్లాకు జ్వరం పోవచ్చు గాని కాగితం పోకూడదని మా హెడ్ క్లర్కు గారు సెలవిచ్చిన రోజునే నేను ఈ ప్రయాణం నిశ్చయించుకున్నాను.

అది యాభై ఏడో సంవత్సరం, మృగశిర కార్తె, మా మాటలో మిరుగం, పడి దుక్కులు మొదలైన వారం. నేను నల్గొండలో ఒక దవాఖానలో కాంపౌండరును. దేశదేశాలు తిరిగి వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మా ఊరిని ముందుగానే పట్టుకుని, మమ్మల్ని నానా తిప్పలు పెట్టి, అప్పుడప్పుడే కొంచెం నెమ్మదిస్తోంది. మాది నేతపని ఇల్లు. మా అన్నకు జ్వరం మూడో రోజున దిగింది. "తగ్గింది గద, ఇంక లే అన్నా" అన్నది నేనే. కాంపౌండరు తమ్ముడు చెప్పాడని లేచి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పనికి కూర్చున్నాడు. ఆ గుంట ఎప్పుడూ చెమ్మే. ఆరో రోజుకు రొమ్ము పట్టేసింది, ఎనిమిదో రోజున పోయాడు. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందని ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

మా దవాఖాన పెద్ద డాక్టరమ్మ అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టి, చూసినదల్లా రాయసాగింది. జ్వరం దిగడం అంటే జబ్బు పోవడం కాదు. దిగాక వారం రోజులు మంచం దిగకూడదు, మగ్గం గుంటలో అసలే కాలు పెట్టకూడదు. రొమ్ము నొప్పి, ఎగశ్వాస ఉన్నవారికే పెన్సిలిన్ దాచి ఉంచాలి. చివరి మాట కింద ఆమె గీత కూడా గీసింది: డాక్టరు రోజూ ఆరు గంటలు నిద్ర పోవాలి, పోనంటే కాంపౌండరు తాళం వేయాలి.

శుక్రవారం నాడు మక్తల్ నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. రాసింది డాక్టర్ శేషగిరి గారు. కోస్తా మనిషి, రెండేళ్ళు నల్గొండలో పనిచేసి బదిలీ మీద వెళ్ళారు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. "మూడో రోజు నవ్వుతూ ఇంటికి పోయినవాళ్ళు వారం తిరిగేసరికి చచ్చిపోతున్నారు. నా చేతిలోనే ఏదో దోషం ఉంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వచ్చే సోమవారం టపాలో వేసి మా ఊరు వెళ్ళిపోతాను" అని రాశారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన ఒక్కరే డాక్టరు. ఆయన వెళ్ళిపోతే ఆ జనానికి ఇక దిక్కు లేదు.

ఉత్తరం రావడానికే నాలుగు రోజులు పట్టింది. తంతి ఇద్దామంటే నోటుబుక్కు తంతిలో పట్టదు. నేనే తీసుకుపోతానని సెలవు అడిగాను. "మక్తల్ మన జిల్లా కాదయ్యా. మన కాగితం హైదరాబాదు పోయి, అక్కడ ముద్ర పడి, మహబూబ్‌నగర్ రావాలె. సెలవు లేదు, ఏం లేదు, పో" అన్నారు హెడ్ క్లర్కు గారు. సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా ఆయన సిరా బుడ్డినే దాని మీద పెట్టి వచ్చేశాను.

శనివారం పొద్దున ఆరు గంటలకు దేవరకొండ బస్సు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవారు కుడి పక్కన కూర్చోవాలి, పొద్దుటి ఎండంతా ఎడమ పక్కనే పడుతుంది. టికెట్టుకు అణాలు ఇచ్చి ఊరుకోవడం మేలు. నయాపైసలు కొత్తగా వచ్చాయి, వాటి సంగతి కండక్టరుకూ తెలియదు, మనకూ తెలియదు. బస్సులో సగం మంది దగ్గుతున్నారు, మిగతా సగం వాళ్ళకేసి గుర్రుగా చూస్తున్నారు.

నా పక్కన కూర్చున్నాయన దూది ఏకే ఇమాంసాబు. నా ఒళ్ళోని బట్టమూట మీదే ఆయన కన్నంతా.

"గా మూటల ఏందున్నది తమ్మీ? జాగా కాయితాలా?"

"జొరం కాయితాలు."

ఆయన చటుక్కున పక్కకు జరిగాడు. "అంటుకుంటదా?"

"అంటుకునేది జొరం, కాయితం గాదు."

కాసేపటికి మళ్ళీ దగ్గరకు జరిగి, చదివి వినిపించమన్నాడు. అంతా విని, "బాగనే రాసిన్రు. గని మా ఊరి పటేలుకు గూడ సదివి చెప్పున్రి జర. జొరం దిగిందో లేదో, పనికి రమ్మని మనిషిని తోలుతడు" అన్నాడు. ఆ మాట అప్పుడు నేను అంతగా పట్టించుకోలేదు.

ఎనిమిదిన్నరకు దేవరకొండ. కల్వకుర్తి బస్సు పదిన్నరకని తెలిసి అక్కడి దవాఖానకు నడిచాను. ఒక కుర్ర డాక్టరు, అరుగు కింద దాకా జనం. నోటుబుక్కు ఇస్తే నిలబడే రెండు పేజీలు చదివి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నేనొక్కడినే ఇట్ల చూస్తున్న అనుకున్న. నాకే పని రాదేమో అనుకున్న" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. ఆయన కాపీ రాసుకుంటున్నంత సేపూ ఆయన కాంపౌండరుతో కలిసి నేను మిక్స్చరు పోశాను, మోతాదు గుర్తులకు కాగితం పట్టీలు కత్తిరించి సీసాలకు అంటించాను. పదకొండైంది. బస్సు పోయిందనుకుని తల ఎత్తేసరికి వరసలో సీసా పట్టుకుని ఆ బస్సు కండక్టరే ఉన్నాడు. "జల్ది మందు పొయ్యున్రి సారూ, బస్సు నాకోసమే ఆగింది" అన్నాడు. డాక్టరు నోటుబుక్కు తిరిగి ఇస్తూ ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాడు: సూది అడిగినవారికల్లా సూది వేయవద్దు, అయిపోయాక నిజంగా కావలసినవాడు వస్తాడు.

డిండి దాటాక వాన పడ్డ నేల వాసన వచ్చింది. కల్వకుర్తిలో ఒంటి గంటకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. రొట్టె మెత్తగా, కారం మహా ఘాటుగా ఉన్నాయి. జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి సాయంత్రం ఆరు. స్టేషను ఎదుటి సరాయిలో నులకమంచం దొరికింది, నల్లులు కూడా దొరికాయి. మూట తల కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆదివారం ఏడు గంటల బస్సు. దేవరకద్ర, మరికల్ దాటుతుంటే ఇరుపక్కలా నాగళ్ళు. వంగి దున్నేవాళ్ళలో కొందరు ఆగి దగ్గడం బస్సులోంచే కనిపించింది. పదింబావుకు మక్తల్. ఇక్కడికి జ్వరం బొంబాయి నుంచి వచ్చిందట, కృష్ణ స్టేషనులో దిగిన కూలీలతో పాటు.

శేషగిరి గారు నన్ను చూసి లేవబోయి, బల్ల పట్టుకుని నిలబడ్డారు. గడ్డం పెరిగింది, చొక్కా వేలాడుతోంది.

"ఏమయ్యా రాజలింగం, నువ్వా! ఇంత దూరం ఎందుకొచ్చావు? నేను పోతున్నాను కదా."

"పోతే పోదురు గని సార్, ఇది చదివి పోండ్రి."

చదివారు. ఒక్కొక్క పేజీకి ముఖంలో రంగు వస్తోంది. మగ్గం గుంట దగ్గర ఆగిపోయి, మళ్ళీ డీలా పడ్డారు. "మీ వాళ్ళు చెమ్మ గుంటలో కూర్చుని చచ్చారు. నా రోగులు దున్నుకునేవాళ్ళు. వాళ్ళకు మగ్గాలెక్కడివయ్యా? నాకిది పనికిరాదు."

గుమ్మంలో నిలబడ్డ ఆయా నాగమ్మ అప్పుడు నోరు విప్పింది. యాభై ఏళ్ళ మనిషి, ఆ ఊరి మనిషే. "మగ్గం లేకుంటేంది సారూ, నాగలి లేదా? మిరుగం పడ్డది. జొరం దిగంగనే పటేలు మనిషి వాకిట్ల నిలవడి పిలుస్తాండు. నెత్తిమీద నాలుగు చెంబులు పోస్కొని పోతాండ్రు. పోకుంటే ఏడాది పని పోతది. దుక్కిల్నే కూలవడ్తాండ్రు."

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!"

"మీరు అడుగలే" అంది నాగమ్మ.

డాక్టరు గారి మందులో దోషం లేదు, చేతిలోనూ లేదు. మా అన్న సంగతి నేను అప్పుడు చెప్పాను. చెప్పడం పూర్తి కాకముందే నా భుజం మీద చెయ్యి వేశారు.

"సరే, వారం పడుకోవాలని చీటీ రాసిస్తాను" అన్నారు చివరికి.

నాగమ్మ నవ్వింది. "మీ చీటీ పటేలు సూస్తడా? అమ్మోరు పోసినింటికి వేపమండ కడ్తరు గద సారూ. గా మండ కట్టినంక పటేలు గాదు, పటేలు తాత గూడ గడప తొక్కడు. లోపలోళ్ళను ఎవ్వరు లేపరు."

"ఇది అమ్మవారు కాదు నాగమ్మా. నేను చదువుకున్నవాణ్ణి, అబద్ధం చెప్పలేను."

"అమ్మోరని మిమ్ముల చెప్పుమన్నదెవరు? లోపల రోగమున్నది, బయటోళ్ళు రావద్దు, లోపలోళ్ళు పోవద్దు. మండ చెప్పేది గదే. గిండ్ల అబద్ధమేమున్నది?"

ఆయన నా వైపు చూశారు. "నిజమే చెప్తాంది సార్" అన్నాను. ఆయన లేచి దవాఖాన ఆవరణలోని వేపచెట్టు దగ్గరకు వెళ్ళి, తన చేత్తోనే కొమ్మలు విరవడం మొదలుపెట్టారు.

నాలుగు గంటలకు ముగ్గురం వాడలోకి వెళ్ళాం. బాలయ్య అనే పాలేరు ఇంట్లో జ్వరం ఆ పొద్దుటే దిగింది, కుండలో నీళ్ళు కాగుతున్నాయి, వాకిట్లో పటేలు మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు గారు అతన్ని పక్కకు తప్పుకోమని గుమ్మానికి మండ కట్టారు.

"మీరు కట్టుడేంది సారూ? అమ్మోరా?"

"కాదు, మొన్నటి నుంచి మనుషుల్ని చంపుతున్న జ్వరమే. వారం దాకా వీడు లేవడు. ఎవరు కట్టారని మీ పటేలు గారు అడిగితే, డాక్టరు కట్టాడని చెప్పు. విప్పాలనుకుంటే ఆయన్నే రమ్మను, నేనిక్కడే ఉంటాను."

ఆ గొంతు నేను నల్గొండలో రెండేళ్ళలో ఎన్నడూ వినలేదు. పటేలు మనిషి మండను చూశాడు, డాక్టరును చూశాడు, కర్ర చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చీకటి పడేలోగా పదిహేడు గుమ్మాలకు కట్టాం.

తిరిగి వచ్చాక నోటుబుక్కు కాపీ రాసుకుందామంటే దవాఖానలో తెల్ల కాగితం లేదు. డాక్టరు గారు సొరుగులోంచి రాజీనామా తీసి, తిరగేసి, దాని వెనక రాయడం మొదలుపెట్టారు. "మంచి కాగితమయ్యా, ఒక వైపు ఖాళీగానే ఉంది" అన్నారు. మా నోటుబుక్కులో మండ సంగతి ఒక పేజీ రాసి, తన పేరు పక్కనే నాగమ్మ పేరు కూడా రాశారు. తర్వాత నేను ఆయన్ని గదిలోకి పంపి బయట తాళం వేశాను, డాక్టరమ్మ ఆజ్ఞ కదా.

సోమవారం వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. దేవరకొండలో కుర్ర డాక్టరు మండ పేజీ కాపీ రాసుకున్నాడు, వాళ్ళ అరుగు మీదే పడుకున్నాను. మంగళవారం బస్సులో ఒళ్ళు విరగడం మొదలైంది. నల్గొండలో దిగేసరికి ఒళ్ళు జ్వరంతో కాలుతోంది. నోటుబుక్కు డాక్టరమ్మకు అందించి ఇంటికి వెళ్ళి మంచం మీద పడ్డాను. ఈ దారిలో నాకు అర్థమైంది ఒకటే. డాక్టర్లు మందులు తక్కువై కాదు, పక్క ఊరి డాక్టరు ఏం చూశాడో తెలియక, ఎదుట నిలబడ్డ ఆయాను అడగక కుంగిపోతున్నారు. అడిగి తెలుసుకోవడానికి హైదరాబాదు ముద్ర అక్కర్లేదు.

శుక్రవారం జ్వరం దిగింది. అదే పొద్దున ఆఫీసు నుంచి జవాను తాఖీదు పట్టుకుని వచ్చాడు. సెలవు లేకుండా వెళ్ళినందుకు ఇరవై నాలుగు గంటల్లో స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. గుమ్మానికి కట్టిన వేపమండ చూసి వాకిట్లోనే ఆగి, అక్కడి నుంచే చదివాడు.

"ఏడు దినాలు కాలే. అయినంక వస్తడని చెప్పు" అంది మా ఇంటామె, గడప మీద నిలబడి.

మంచానికి ఎదురుగా మా అన్న మగ్గం గుంట ఉంది. ఒళ్ళు తేలిగ్గానే ఉంది, లేచి పోయి హెడ్ క్లర్కు గారిని నాలుగు మాటలు గట్టిగా అని రావాలని ప్రాణం కొట్టుకుంది. లేవలేదు.