కిడ్నీ వేరు, కోటు వేరు

మా అమ్మమ్మకూ, ఆవిడ చెల్లెలు చిన్నమ్మమ్మకూ కలిపి ఒకటే ఇస్త్రీ కొట్టు, రెండు బల్లలు. మాటలు మాత్రం లేవు. నేను పుట్టకముందెప్పుడో ఒక లాయరుగారి నల్లకోటు వీపు మీద ఇస్త్రీ పెట్టె అచ్చు పడిందట. నువ్వు కాల్చావంటే నువ్వు కాల్చావని మొదలై, సాయంత్రానికి మాటలు పోయాయి. తర్వాత కోటూ పోయింది, లాయరుగారూ పోయారు. పంతం మాత్రం చెక్కుచెదరలేదు.

మరి పని ఎలా నడుస్తుందంటారా? మాటలున్న కొట్ల కన్నా బాగానే నడిచేది. చొక్కా ముందు అమ్మమ్మ బల్ల మీదకొస్తుంది. కాలరూ చేతులూ ఆవిడవి. అక్కణ్ణుంచి పక్క బల్ల మీదకు జారుతుంది. మిగతాదంతా తోమి మడతపెట్టడం చిన్నమ్మమ్మ పని. కాలరులో ఎక్కడైనా ముడత మిగిలిందా, చిన్నమ్మమ్మ ఆ చొక్కాను తిప్పి అక్క బల్ల మీదకు విసిరేసేది. అమ్మమ్మ పళ్ళు నూరుకుంటూ మళ్ళీ చేసేది.

మరీ మాట అవసరమైతే మధ్యలో నేనున్నాను. చదువుకూ నాకూ పడక ఎనిమిదో తరగతిలోనే విడిపోయాం. అప్పట్నుంచి బట్టలు ఇళ్ళకు చేర్చడం, మాటలు ఈ బల్ల నుంచి ఆ బల్లకు చేర్చడం నా ఉద్యోగం.

"నీళ్ళసీసా ఖాళీ అయిందని చెప్పు దానికి."

"మొక్కలకు పోసినట్టు పోస్తే ఖాళీ కాక ఏమవుతుందో అడుగు ఆవిడని."

ఇద్దరి మధ్యా దూరం మూరెడు.

అలాంటిది, ఉన్నట్టుండి చిన్నమ్మమ్మ కాళ్ళు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. ఆసుపత్రిలో రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని వచ్చి, బల్లకు ఆనుకుని నిలబడేది. చొక్కా మడత సగంలో ఆపి ఊపిరి పీల్చుకునేది. మిషనుతో ఎంతకాలమని, తోడబుట్టినవాళ్ళెవరైనా కిడ్నీ ఇస్తే మంచిదన్నాడు డాక్టరు.

తోడబుట్టింది ఒక్కతే.

అమ్మమ్మ ఇస్త్రీ పెట్టెను తడివేలితో తాకి వేడి చూసే మనిషి, సూది పేరెత్తితే ఆమడ దూరం పరిగెడుతుంది. టీకాలవాళ్ళొస్తే బట్టలమూట వెనక దాక్కున్న చరిత్ర ఉంది ఆవిడకు. కొన్నాళ్ళు తిండి సయించలేదు. అమ్మకు భయమేసింది.

"ఈ వయసులో నిన్ను కోయించుకోమని ఎవరూ అనరే అమ్మా. నీకేమన్నా అయితే?"

"దానికేమన్నా అయితే నేనింక ఎవరితో మాట్లాడకుండా ఉండాలే?" అంది అమ్మమ్మ.

మర్నాడే వెళ్ళి చెయ్యి చాచి, కళ్ళు గట్టిగా మూసుకుని పరీక్షకు రక్తం ఇచ్చింది. అన్నీ సరిపోయాయన్నారు. హమ్మయ్య అనుకునేలోపు చిన్నమ్మమ్మ అడ్డం తిరిగింది.

"వద్దని చెప్పు ఆవిడకి. ఆవిడ కిడ్నీ కడుపులో పెట్టుకుని ఆవిడ చొక్కా నేను తిప్పి కొట్టగలనా? బతికినన్నాళ్ళూ తలొంచుకుని ఉండాలి. దానికన్నా మిషనే నయం."

మాట చేరవేశాను. అమ్మమ్మ చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. తేరుకునేసరికి దిండు గలీబు మీద గోధుమరంగు అచ్చు పడింది. కోటు ఎవరు కాల్చుంటారో నాకు అప్పుడు కొంచెం అనుమానం తగిలింది కానీ, ప్రాణం మీద తీపి కొద్దీ నోరు మూసుకున్నాను.

కిడ్నీ ఇచ్చేవాళ్ళను ఆసుపత్రిలో ఒక మేడం గదిలోకి ఒంటరిగా పిలిచి మాట్లాడుతుంది. ఎవరైనా బలవంతం చేశారేమోనని. తలుపుకు చెవి ఆనించడంలో మాత్రం నేను బాగా చదువుకున్నదాన్నే.

"మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"నా మీద ఒత్తిడి పనిచేస్తే ఎప్పుడో మాటలు కలిసుండేవి తల్లీ."

"ఇచ్చాక చెల్లెలి నుంచి ఏమైనా ఆశిస్తున్నారా?"

"ఏమీ లేదు. కిడ్నీ వేరు, కోటు వేరు. కిడ్నీ ఇచ్చినంతమాత్రాన కోటు నేను కాల్చానని ఒప్పుకున్నట్టు కాదు. అది నాతో మాట్లాడక్కర్లేదు, తలొంచక్కర్లేదు. ఈ మాట దానికి అందాలి."

"భయంగా లేదా మీకు?"

నేను చెవి ఇంకాస్త ఆనించాను.

"ఎందుకు లేదూ. సూదంటేనే ప్రాణం పోతుంది. కానీ పొద్దున్నే కొట్టు తీస్తే పక్క బల్ల ఖాళీగా కనబడుతుందే, ఆ భయం ముందు ఇదెంత. ఇది మాత్రం దానికి చెప్పకండి."

మొదటి మాట మోసుకెళ్ళి చెప్పాను. రెండోది దాచాను. చిన్నమ్మమ్మ చాలా రోజులకు నవ్వింది.

"అయితే పోట్లాట ఎక్కడిదక్కడే ఉంటుందన్నమాట. సరే, ఇమ్మని చెప్పు."

ఇచ్చింది. సూది సూదికీ నా వేళ్ళు నలిపేస్తూ ఇచ్చింది.

ఇద్దరూ కోలుకునేదాకా అమ్మా నేనూ కొట్టు నడిపాం. వీధిలో సగంమంది ముడతలతోనే తిరిగారు. చివరికి చిన్నమ్మమ్మ మూతికి మాస్కు కట్టుకుని తన బల్ల దగ్గరికి వచ్చింది. అమ్మమ్మ చెయ్యి ఇంకా కుదురుకోలేదు. మొదటి చొక్కా కాలరు మూలలో ముడత మిగిలిపోయింది. చిన్నమ్మమ్మ చూసింది. చప్పుడు చేయకుండా తనే సరిచేసి మడతపెట్టేసింది. తర్వాతి చొక్కా కూడా అంతే.

అమ్మమ్మ ముఖం మాడిపోయింది. "నా చొక్కాలు ఎందుకు తిప్పి పంపట్లేదో అడుగు దాన్ని. జాలి పడుతోందా?"

"ఎలా పంపను" అంది చిన్నమ్మమ్మ, బల్ల వైపే చూస్తూ.

"తలొంచక్కర్లేదన్నాను, మాటంటే మాటేనని చెప్పు దానికి."

ఇంకో చొక్కా తీసింది అమ్మమ్మ. ఈసారి కాలరులో ముడత కాదు, ఏకంగా కాలవే వదిలింది. కావాలనే వదిలింది, నేను చూశాను. చొక్కాను పక్కకు తోసి కొత్తది అందుకుంది.

చిన్నమ్మమ్మ ఆ కాలరును చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత చొక్కాను తిప్పి ఒక్క విసురు విసిరింది. చొక్కా చెయ్యి ఒకటి వెళ్ళి అమ్మమ్మ నెత్తి మీద పడింది.

"కిడ్నీతో పాటు కళ్ళు కూడా ఇచ్చేసిందేమో అడుగు ఆవిడని."

"కోటు కాల్చినదానికి కాలర్ల సంగతి ఎందుకో అడుగు దాన్ని."

నాకు చేరవేసే పని పడలేదు. అమ్మమ్మ నెత్తి మీది చెయ్యి తీసి, కాలరు పరిచి, నీళ్ళు చల్లింది. ఒక కాలరును అంత ఇష్టంగా తోమడం నేనెప్పుడూ చూడలేదు.