డౌట్‌ఫుల్ అన్న పాపానికి

ఒక్క ఇంగ్లీషు మాటతో కన్నకొడుకు నోటికాడి ముద్ద లాగేసిన మనిషిని నేను. ఆ భాగోతం చెప్పమని మా ఇంట్లో అందరూ అడుగుతూనే ఉంటారు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఈసారి రాసి పడేస్తున్నాను, ఇక ఎవరూ అడగొద్దు.

నేను చదివింది నాలుగో తరగతి. తొంభైల చివర్లో, కాన్వెంటులో చదివే మనవరాలు స్వర్ణ ఒకరోజు చెప్పింది: "నమ్మకం కుదరకపోతే డౌట్‌ఫుల్ అనాలి నానమ్మా." తెగ నచ్చింది. పది మాటల పని ఒక్క మాటతో అయిపోతే నోటికి పొదుపే కదా. బజార్లో ధర చెప్పగానే వంకాయ తిప్పి చూసి "డౌట్‌ఫుల్" అనేదాన్ని. "పుచ్చుల్లేవు మామ్మగారూ, పోనీ అర్ధరూపాయి తగ్గించి ఇవ్వండి" అనేవాడు కూరలవాడు. చీరల కొట్లో రంగు డౌట్‌ఫుల్, పాలవాడి పాలు డౌట్‌ఫుల్. ధర వినపడితే చాలు, తుమ్ము వచ్చినట్టు ఆ మాట వచ్చేసేది.

అలా ఉండగా మా అబ్బాయి పనిచేసే మిల్లు మూతపడింది. ఆటో నడుపుకుందామని ఆటోనగర్‌లో పాతదొకటి బేరం చేసుకున్నాడు. సాయంత్రంలోగా డబ్బు కట్టకపోతే వేరేవాళ్లకిచ్చేస్తామన్నారు. తక్కువపడిన దానికి తన స్కూటరు అమ్మాలి. కంకిపాడు నుంచి ఒక మాస్టారు వచ్చి, నడిపి చూసి, బాగుందన్నారు. కోడలు కాఫీ ఇచ్చింది. మా వాడు ధర చెప్పాడు.

"డౌట్‌ఫుల్" అన్నాను నేను.

మాస్టారు ఇటు తిరిగారు. "ఏంటి డౌటు పిన్నిగారూ?"

"అబ్బే, ఇంజను కాదు బాబూ."

"మరి బ్రేకులా?"

"మొన్ననే మార్పించాడు. ఎందుకు మార్పించాడో నాకు తెలియదు."

"అమ్మా, నువ్వు లోపలికెళ్లు" అన్నాడు మా వాడు, పళ్లు బిగించి.

"సర్ది చెబుతున్నాగా, ఉండరా. నేనసలు ఆ బండి ఎక్కను మాస్టారూ, నా మాట పట్టించుకోకండి."

"ఎందుకెక్కరండీ?"

"ప్రాణం మీద తీపి."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి లేచారు. సాయంత్రానికి ఆటో ఎవరి ఇంటికో వెళ్లిపోయింది. మా వాడు నా మొహం చూడటం మానేశాడు.

మర్నాడు మాస్టారు మళ్లీ గుమ్మంలో కనబడ్డారు. కోడలు ఆశగా పొయ్యి వెలిగించబోయింది.

"స్కూటరు కోసం కాదమ్మా. ఆటోనగర్‌లో ఇంకో బండి చూశాను. బేరం దగ్గర పిన్నిగారు ఓ గంట నా పక్కన నిలబడితే చాలు."

మా వాడు నోరు విప్పాడు. "తీసుకెళ్లండి మాస్టారూ. మళ్లీ తేనక్కర్లేదు."

ఆ రోజే సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేశాను, సొంత వస్తువు అమ్మేచోట చచ్చినా పెదవి విప్పనని. కొనేచోట గురించి ఏ ప్రమాణమూ చెయ్యలేదు. నాకంత స్తోమత లేదు.