సత్తు గిన్నెకు మాటు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున, విజిల్ ఊదాక నేను తుపాకీ పేల్చాను. విజిల్ వినపడలేదని అందరితోనూ చెప్పాను. వినపడింది. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే మిగతాది రాయడం కాస్త తేలికవుతుందేమోనని ఇలా మొదలుపెడుతున్నాను.

డెబ్భైల్లో సంగతి. నాకు పదమూడేళ్ళు. మేము చినవాల్తేరులో ఉండేవాళ్ళం. మా నాన్న పోర్టులో పని చేసేవారు. ఆయనకు డ్యూటీ, నిద్ర, పేపరు తప్ప వేరే లోకం లేదు. నన్ను బయటి ప్రపంచంలో తిప్పింది మా మావయ్య, అమ్మకు తమ్ముడు. ఆయనకు తుపాకీ కాల్చడం సరదా. వేట కాదు. ఎప్పుడూ పిట్టను కూడా కొట్టి ఎరగడు. కాగితం మీద గీసిన గుండ్రాల నడుమకు తూటా పంపడం, అంతే. ఊరికి ఉత్తరాన, ఎర్రమట్టి కొండ వాలులో ఒక చిన్న క్లబ్బు ఉండేది. రేకుల షెడ్డు, దానికి ఏభై గజాల దూరంలో కాగితాలు తగిలించే కర్ర చట్రాలు, వాటి వెనక తూటాలు దిగబడడానికి మనిషెత్తు మట్టిగుట్ట. ఆదివారాలు పది పన్నెండు మంది చేరి, గోనెలు పరుచుకుని బోర్లా పడుకుని కాల్చేవారు. మావయ్య సైకిలు వెనక కూచుని నేనూ వెళ్ళేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి నాకూ ఒక గోనె, ఒక చిన్న తుపాకీ దొరికాయి.

నేను కుదురులేని పిల్లాణ్ణి. అన్నం దగ్గర కాలు ఊపేవాణ్ణి, క్లాసులో బెంచీ గీకేవాణ్ణి, నిద్రలో కూడా మంచమంతా తిరిగేవాణ్ణని అమ్మ అనేది. ఆ గోనె మీద మాత్రం నాలో కదిలేదంతా ఆగిపోయేది. సగం ఊపిరి వదిలి, మిగిలిన సగం బిగబట్టి, తుపాకీ చివరి ముక్కును నల్ల గుండ్రం కిందకు చేర్చినప్పుడు లోకంలో ఇంకేమీ ఉండేది కాదు. వారమంతా ఆ కాసేపు కోసమే బతికేవాణ్ణి.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. గుట్ట పక్కన ఎర్ర జెండా ఎగురుతున్నంతసేపే కాల్చాలి. ఒక్కొక్కరికి పదేసి తూటాలు. అవి అయ్యాక విజిల్ ఊదుతారు, కాపలా తాత జెండా దించుతాడు, అందరూ తుపాకులు కింద పెట్టాలి. అప్పుడు కాగితాలు మారుస్తారు. ఆ కాస్త వ్యవధి కోసం గుట్ట చివర ఒకామె కాచుకుని ఉండేది. జెండా దిగడమే ఆలస్యం, వంగి మట్టి గోకి తూటాల సీసం ఏరుకునేది. ఆమెది జాలరిపేట. వల అంచుకు కట్టే గుళ్ళకు సీసం కావాలి, బజార్లో అది పిరియం. క్లబ్బులోకి బయటివాళ్ళు రాకూడదు. కానీ కాపలా తాత ఆమెను చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆమె మాకు కొత్త మనిషి కాదు. వారంలో నాలుగు రోజులు మా గుమ్మంలోకి చేపలు తెచ్చేది ఆమే. ఇంటిల్లిపాదీ అక్కా అన్నట్టు 'అప్పా' అని పిలిచేవాళ్ళం. ఆమెకు ఒక పెద్ద సత్తు గిన్నె ఉండేది. మామూలు రోజుల్లో అందులో చేపలు, ఆదివారం మట్టీ సీసమూ.

ఆ ఆదివారం మావయ్య నాకొక మాట ఇచ్చాడు. తొంభై దాటితే వచ్చే నెల పొరుగూరిలో జరిగే పోటీకి తీసుకెళ్తానన్నాడు. తొమ్మిది తూటాలయ్యేసరికి ఎనభై నాలుగు వచ్చాయి. మావయ్య పక్కనే బైనాక్యులర్స్‌తో చూసి చెబుతున్నాడు. పదో దానికి ఏడు చాలు. నేను మరీ నిదానంగా గురి చూసుకుంటున్నాను. మిగతావాళ్ళందరివీ అయిపోయాయి. విజిల్ మోగింది. కంటి చివర ఎర్రగా ఉన్నది కిందకు జారడం కూడా నాకు తెలిసింది. ఇంకొక్కటే కదా అనుకున్నాను. నా వేలు దానంతట అది నొక్కలేదు, నేనే నొక్కాను. కానీ ఆ తొందరలో తుపాకీ పక్కకు జరిగింది, తూటా గుండ్రం వైపు పోలేదు. గుట్ట చివర అప్ప ఉన్నట్టుండి చతికిలబడింది.

ఎవరది, ఎవరు పేల్చారు అని పెద్దవాళ్ళు గట్టిగా అడిగారు. వినపడలేదన్నాను. చిన్నవాడు, ధ్యాసలో ఉండిపోయాడని మావయ్య నా తరపున సర్దిచెప్పాడు. అందరూ నావైపే చూస్తున్నారు గనక గుట్టవైపు ఎవరూ, కాపలా తాత కూడా, చూడలేదు. ఆమె లేచింది. గిన్నె చంకకెత్తుకుంది. వెళ్ళబోతూ ఒకసారి వెనక్కి తిరిగింది. అంత దూరం నుంచి ముఖం ఆనదు. నన్నే చూసిందని మాత్రం తెలుసు.

మర్నాడు పొద్దున "సేపలోయ్" అన్న కేక వినపడగానే తలుపు వెనక్కి చేరాను. అప్ప ఎప్పటిలాగే గుమ్మంలో గిన్నె దించింది. కవ్వళ్ళ చేపలు తెచ్చింది. గిన్నె పక్కన అడుగుకు దగ్గరగా ఒక కన్నం, దాంట్లో కుక్కిన గుడ్డపీలిక. దాని చుట్టూ నీరు ఊరి మా మెట్టు మీద బొట్టుబొట్టుగా పడుతోంది. గిన్నెకేమైందని అమ్మ అడిగింది.

"రాయి మీద పడీసిందమ్మా," అంది అప్ప. తలుపు వైపు చూడను కూడా లేదు.

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. నాకు సంతోషమేసింది. గండం గడిచిందనుకున్నాను. పైగా ఆమె నన్ను క్షమించేసిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆ పూట రెండు చేపలు ఎక్కువ తిన్నాను.

ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. ఆమె వచ్చి వెళ్ళిన ప్రతిసారీ వీధి నుంచి మా మెట్టు దాకా, మా మెట్టు నుంచి పక్కింటి దాకా నీటి బొట్ల వరస ఉండేది. అమ్మ చూడకుండా కాలితో రాసేవాణ్ణి. అవి ఎండకు ఆరిపోయినా నాకు కనిపిస్తూనే ఉండేవి. పుస్తకం తీస్తే చదవలేను, ఆటకు వెళ్తే మధ్యలో వచ్చేసేవాణ్ణి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగేవాణ్ణి. కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరగడం అని అమ్మ విసుక్కునేది.

గోనె మీద పడుకుంటే కుదురు వస్తుందనుకున్నాను. రాలేదు. ఊపిరి బిగబట్టగానే చూపు నల్ల గుండ్రం వదిలి గుట్ట చివరకు పోయేది. అక్కడెవరూ లేరని తెలిసినా మళ్ళీ మళ్ళీ చూసేవాణ్ణి. అరవై వచ్చింది, ఆ పై వారం నలభై. ఇదివరకు ఇంటికెళ్ళాక కూడా పోకూడదనుకుని చేతులు కడుక్కోకుండా దాచుకున్న తుపాకీ మందు వాసనను ఇప్పుడు షెడ్డు దగ్గరే మట్టితో రుద్ది కడిగేసేవాణ్ణి. శనివారం రాత్రి అంటే పండగలా ఉండేది, ఇప్పుడు వాన పడి ఆదివారం చెడిపోతే బాగుండుననిపించేది. మావయ్యకు నా కళ్ళ మీద అనుమానం వచ్చింది. కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, ఆయన అక్కర్లేదంటున్నా పట్టుబట్టి అద్దాలు పెట్టించాడు. దాంతో అప్పటిదాకా బాగా కనపడుతున్న నల్లబోర్డు కూడా మసకబారింది. మావయ్య అంత ఆపేక్షగా కొనిచ్చినవి తీసెయ్యడానికి మనసొప్పక, అబద్ధం మీద ఇంకో అబద్ధంలా వాటిని ముక్కు మీద మోశాను.

మూడు ఆదివారాలు అప్ప గుట్ట దగ్గరకు రాలేదు. నాలుగో వారం వచ్చింది. జెండా దిగింది. ఇదివరకైతే చరచరా వచ్చేసేది. ఆ రోజు గుట్ట పక్క నుంచి తల మాత్రం బయటపెట్టింది. ఒక్కొక్క తుపాకీ వైపూ చూసింది. తల వెనక్కి తీసుకుంది. మళ్ళీ చూసింది. తర్వాత వంగి, దాదాపు పాకుతూ వచ్చి, నాలుగు గుప్పెళ్ళ మట్టి గిన్నెలో వేసుకుని పరుగున వెళ్ళిపోయింది. నా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. అది లేకుండా అంతా స్పష్టంగా కనపడింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో చెప్పకుండా జాలరిపేట నడిచాను. ఇసకలో తెప్పలు ఆరుతున్నాయి. అప్ప తన ఇంటి తాటాకు చూరు కింద కూచుని, బొగ్గుల మీద ఇనప గరిటెలో సీసం కరిగిస్తోంది. పక్కన కుప్పగా వల, దాని అంచున చాలా మేర గుళ్ళు లేవు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఏటి బాబూ, సేపలకొచ్చినావా? ఈయేల సేపలెక్కడుంతాయి?"

నేను మాట్లాడబోయి ఏడ్చేశాను. ఆమె గరిటె కదుపుతూనే ఉంది.

"ఏడిత్తే నా గిన్నె కన్నం పూడిపోద్దేటి?" అంది.

అలా అని, పక్కనున్న రేకు డబ్బాలోంచి ఒక తూటా తీసి అరచేతిలో పెట్టి చూపించింది. గిన్నెలో ముందు విడత ఏరిన మట్టి ఉండబట్టి అందులో దిగబడి ఆగిపోయిందట. ఆ వేళ గిన్నె చంకన ఉంది, దాని వెనక తన కడుపు ఉంది అని, చేపల బేరం చెప్పినంత మామూలుగా చెప్పింది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. నా మీద జాలితో అంటుందని ఎదురుచూశానేమో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"సెప్తే ఏటవుద్ది? నిన్ను నాలుగు మాటలంతారు, రేపటికి మర్సిపోతారు. నన్ను మల్లీ ఆ గుట్ట తొక్కనిత్తారా? వల సూడు, ఎలాగుందో."

ఇప్పుడే వెళ్ళి అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. చెప్పేస్తే నా గుండె తేలికవుతుందని కూడా అన్నట్టు గుర్తు. అప్పుడు మాత్రం ఆమె గరిటె దించి నావైపు సరిగా చూసింది.

"నీకు నిద్ర పట్టడానికి నా సీసం పోగొడతావా బాబూ? ఏటీ సెప్పకు. నానక్కడున్నప్పుడు నువ్వు సూడు. అంతే."

ఆ తూటాను కూడా గరిటెలో పడేసింది. గుర్తుగా దాచుకోవడానికి నాకిస్తుందేమో అనుకున్నాను. ఆమెకు అది సీసం, అంతే. కాసేపటికి దాని మొన వంగింది, నడుము కుంగింది, మిగతావాటిలో కలిసి మెరిసే నీళ్ళయిపోయింది.

గిన్నె ఇమ్మని అడిగాను. తెల్లారేసరికి కావాలని చెప్పి ఇచ్చింది. అది నెత్తిన పెట్టుకుని బస్సెక్కి పాతూరు వెళ్ళాను. అక్కడ గిన్నెలకు మాట్లు వేసే ఒక సాయిబు తాత ఉండేవాడు. ఆయన గుడ్డపీలిక లాగేసి, కన్నంలో చిటికెన వేలు పెట్టి, లోపలికి వంగిన అంచు తడిమాడు. రాయి అని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

"మనిషికేం కాలేదు గదా బేటా?" అన్నాడు.

లేదని తల ఊపాను. ఆయన పనిలోకి దిగాడు. రేకు ముక్క కత్తిరించి, లోపలా బయటా వేసి, నాలుగు రివెట్లు కొట్టి, గిన్నె నిండా నీళ్ళు పోసి ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరం కింద నిలబడి చూశాం. ఒక్క బొట్టు కూడా జారలేదు. పొద్దు గుంకే వేళకు గిన్నె జాలరిపేటలో ఇచ్చేశాను. అప్ప దాన్ని తిప్పి చూసి, మాటు వంకరగా ఉందంది.

తర్వాతి ఆదివారం, ఇక తుపాకీ పట్టుకోనని, జెండా పట్టుకుంటానని మావయ్యతో చెప్పాను. గురి తప్పిందన్న నామోషీతో అలా అంటున్నానని ఆయన అనుకున్నాడు. చాలా బాధపడ్డాడు. మోకాళ్ళ నొప్పులతో వేగలేని కాపలా తాత మాత్రం సంతోషంగా కర్ర నా చేతికిచ్చాడు. కాలేజీలో చేరేదాకా ప్రతి ఆదివారం అదే నా పని.

తర్వాత ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి గాజువాక చేరాను. అక్కడ పైన క్రేను కదలడానికి సైగ చేసే ముందు కింద ఒకసారి, మళ్ళీ ఒకసారి చూసేవాణ్ణి. "సైరను మోగింది గదా బావా, ఇంకేటి సూత్తావు?" అని తోటివాళ్ళు నవ్వేవారు. అప్ప గుట్ట దగ్గరకు రావడం మానేసి, ఆ క్లబ్బు కూడా మూతపడి, ఆ నిజం వల్ల పోయేదేమీ ఆమెకు మిగల్లేదని రూఢి చేసుకున్నాకే మావయ్యకు జరిగింది చెప్పాను. ఆయన, అయితే ఆ కళ్ళజోడు అనవసరంగా పెట్టించానన్నమాట అన్నాడు.

నాకు కుదురు ఇప్పటికీ రాలేదు. రాకపోయినా ఫరవాలేదనిపిస్తుంది. గోనె మీద నేను అనుభవించిన ఆ నిశ్శబ్దంలో నా నల్ల గుండ్రానికి తప్ప ఇంకెవరికీ చోటు ఉండేది కాదు. జెండా పట్టుకున్న రోజుల్లో కాలు ఒకచోట నిలిచేది కాదు. గుట్ట ఈ చివరకు వెళ్ళి చూసేవాణ్ణి, ఆ చివరకు వెళ్ళి చూసేవాణ్ణి. అప్ప ఏరుకోవడం అయ్యి, మాటు వేసిన గిన్నె తలకెత్తుకుని వాలు దిగేది. "ఒరే, ఇంకెంతసేపురా? ఎండెక్కిపోతంది," అని షెడ్డులోంచి మావయ్య కేకేసేవాడు. వాలు మీద ఆమె తల మీది గిన్నె కూడా కనపడకుండా పోయేదాకా ఆగేవాణ్ణి. ఆ తర్వాత ఇంకోసారి గుట్టంతా చూసి, అప్పుడు ఎత్తేవాణ్ణి జెండా.