మూడుసార్లు లెక్కపెట్టిన నాడి

విలేకరిగా రిటైరైన ఏడాది కామెర్లు వచ్చి మా ప్రాంతపు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరాను. జబ్బు తగ్గుముఖం పట్టింది, రేపు ఇంటికి పంపుతామంటూనే డాక్టర్లు ఒక సాయం అడిగారు. ఆ రోజు ఎంబీబీఎస్ చివరి ఏడాది పరీక్షలు. విద్యార్థులు నన్ను చూసి జబ్బేమిటో కనిపెట్టాలి. నేను మాత్రం దాని పేరు చెప్పకూడదు.

నా దగ్గరికి వచ్చిన అమ్మాయి కంగారులో స్టెతస్కోపు కింద పడేసుకుంది. జాలేసి, "కామెర్లు తల్లీ, రాసుకో" అని గొణిగాను.

"చెప్పొద్దు పెద్దాయనా, నేనే చూసుకుంటా" అంటూ నా మణికట్టు పట్టుకుంది. ఒక నిమిషం లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారికి ఆమె ముఖం పాలిపోయింది.

పక్క మంచం మీదున్న ముదిగుబ్బ గొర్రెల కాపరి నవ్వాడు. "ఏమన్నా, నీతోపాటు నీ గుండె గూడా రిటైరైనాదా?"

ఆమె నవ్వలేదు. కేసు రాయడం వదిలేసి ఎగ్జామినర్ దగ్గరికి పరుగెత్తింది. "సార్, నా పరీక్ష పోతే పోనీ. ఈయనకు నాడి నలభై గూడా లేదు."

పొద్దున బాగానే ఉన్న నాడి! ఏమైందోనని లేవబోయాను. కళ్లు చీకట్లు కమ్మాయి.

పేస్‌మేకర్ పెట్టాక కానీ నా గుండె దారికి రాలేదు. మర్నాడు ఆమె వచ్చి మళ్లీ నాడి పట్టుకుంది. "డెబ్బై ఉండాది పెద్దాయనా" అంటూ ఏడ్చేసింది. అప్పటికి గానీ నా భయం తీరలేదు.

ఇప్పుడామె ఉరవకొండ దగ్గర ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. మావాళ్లెవరు వెళ్తున్నా, నొప్పి ఎక్కడో చెప్పండి, జబ్బు పేరు మాత్రం ఆమెకే వదిలేయండి అని చెప్పి పంపుతుంటాను.