యాదయ్య కాక డీపీలో నవ్వు

నిన్న పొద్దున బస్సులో ఉండగా యాదయ్య కాక నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది.

కాక ఎప్పుడూ టైప్ చేయడు. చదువు రాదు. ఏదున్నా వాయిస్ మెసేజే. అందుకే అక్షరాలు చూడగానే ఏదో జరిగిందని తెలిసిపోయింది.

"బాపు పోయిండే మంజులా."

టైప్ చేసింది స్వప్న. కాక చిన్న బిడ్డ, నా క్లాస్‌మేట్, నా దోస్తు.

గొర్లను తోలుతూ దొడ్డి దగ్గరే కూలబడ్డాడట. ఆటో దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

మెసేజ్ పక్కన అదే డీపీ. నోరంతా తెరిచి నవ్వుతున్న స్వప్న.

ఆ డీపీ సంగతి రాయమని స్వప్నే అన్నది. "ఇగ రాయే. అందరికీ తెల్వనీ" అని. రాత్రి నిద్ర లేదు, ఒంట్లో ఓపిక లేదు. తప్పులుంటే సర్దుకోండి.

మాది మర్రిగూడ దిక్కు. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది? స్వప్న పళ్ళ మీద గోధుమరంగు మరకలు. నా పళ్ళూ అంతే. నేను పట్టించుకోను. అది మాత్రం నవ్వొస్తే చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. బస్ పాస్ మీదైనా, వాళ్ళ అక్క పెళ్ళి ఆల్బమ్‌లోనైనా మూతి బిగించుకునే ఉండేది.

కరోనా టైమ్‌లో మాది తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ క్లాసులు. వాళ్ళింట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్, అది కాకది. సిగ్నలేమో గుట్ట ఎక్కితేనే. అందుకని రోజూ గొర్ల వెంట పోయి, గుట్ట మీద కూర్చుని క్లాసు వినేది.

ఒకరోజు లెక్కల క్లాసు. కెమెరా ఆన్‌లో ఉందని చూసుకోలేదు. గొర్రెపిల్ల ఒకటి వెనక నుంచి వచ్చి చున్నీ పట్టి గుంజింది. స్వప్న పడీ పడీ నవ్వింది.

ఎవడో స్క్రీన్‌షాట్ కొట్టాడు. పైన "తుప్పు పట్టిన గేటు ఓపెన్" అని రాసి క్లాస్ గ్రూప్‌లో పడేశాడు.

ఇక చూడు. ఎమోజీలు, ఫార్వర్డులు.

పేర్లు రాయను. ఎవరెవరో మీకే తెలుసు. నవ్విన వాళ్ళలో సగం మందివి అవే పళ్ళు. అందరం తాగింది అవే నీళ్ళు కదరా!

ఆ గ్రూప్ ఉన్నది కాక ఫోన్‌లోనే. స్వప్న కంటే ముందు ఆయనే చూశాడు. రాసింది చదవలేడు. బిడ్డ ఫోటో మీద ఏదో రాసి క్లాసంతా పంపుకుంటున్నారంటే, బిడ్డ ఏదో ఫస్ట్ వచ్చిందనుకున్నాడు పిచ్చి కాక.

డీపీ పెట్టించుకున్నాడు. చుట్టాల గ్రూప్‌లో వేశాడు. కింద వాయిస్ మెసేజ్.

"హలో, నేను యాదయ్యను మాట్లాడుతున్న. మా స్వప్న ఫోటో బడోళ్ళు ఏసిండ్రు. అందరు సూడుండ్రి."

కాక వాయిస్ మెసేజ్ ఎప్పుడైనా అట్లే, ఎదురుగా ఎవరో ఫోన్ ఎత్తినట్టు మొదలయ్యేది. మధ్యలో గొర్ల అరుపులు.

రాసింది ఎవరూ సరిగా చూసినట్టు లేరు. చుట్టాల నుంచి దండాలు, పూలు. ఒక పెద్దమ్మ హ్యాపీ బర్త్‌డే కూడా చెప్పింది.

స్వప్న మా ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. తీసెయ్యమని బాపుకు చెప్పవే అన్నాను.

"ఎట్ల చెప్పాలె? గింత మురుస్తుండు. ఏం రాసిండ్రో తెలిస్తే తట్టుకోడు."

ఆ రోజు నుంచి క్లాసులు బంద్. బడి తెరిచినా రాలేదు. పది రాయను, గొర్లు కాస్తానని కూర్చుంది. బతిమాలి బతిమాలి నా నోరు నొప్పి పుట్టింది.

కొన్నాళ్ళకు కాక డీపీ చూస్తే పైన అక్షరాలు లేవు. నవ్వు ఒక్కటే ఉంది.

దారిలో కనిపిస్తే ఆపి అడిగా. "కాకా, డీపీ మార్చినవా?"

"మార్చలే బిడ్డా. మొబైల్ షాపాయనతోని రాత కట్ చేయించిన."

"ఏం రాసిండ్రో నీకు తెలుసా?"

"పెద్దల్లుడు సదివి చెప్పిండు. గా దినం బువ్వ తినబుద్ధి కాలే. ఫోన్ పలగ్గొడ్దామనుకున్న."

కర్ర మీద గడ్డం ఆనించాడు.

"గని రాత వాళ్ళది. నవ్వు నా బిడ్డది. అది నవ్వంగ తీసిన ఫోటో ఇంకోటి లేదు నా కాడ. ఎట్ల తీసేస్త?"

ఆ మాట పోయి స్వప్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. అది చాలాసేపు ఏడ్చింది. సోమవారం బడికి వచ్చింది.

అంతా మంచిగైపోయిందని అనుకోకండి. పదో తరగతి అయిపోయేదాకా "గేటు" అన్న పేరు పోలేదు. వింటూనే చదివింది. ఇప్పుడు నల్గొండలో నర్సింగ్ చేస్తోంది.

నిన్న అదే క్లాస్ గ్రూప్‌లో అందరూ కాకకు దండాలు పెట్టారు. ఆ ఫోటో తయారుచేసినవాడు కూడా. ఇదివరకైతే కొట్లాడేదాన్ని. ఇప్పుడు చాతకాదు. పెట్టుకోనీ.

ఫ్లెక్సీ కోసం కాక ఫోనంతా వెతికాం. అన్నీ గొర్లు, గుట్ట, స్వప్న. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. చివరికి ఆధార్ కార్డు మీదిదే పెద్దది చేయించారు.

అందులో కాక మూతి బిగించుకుని ఉన్నాడు.

ఆయన పళ్ళూ అవే. ఇన్నేళ్ళలో ఆయన నోరు తెరిచి నవ్వగా నేనూ చూడలేదని నిన్నగానీ నాకు తట్టలేదు.

కాకను మట్టి చేసేటప్పుడు స్వప్న చున్నీ అడ్డం పెట్టుకోలేదు. ఊరంతా చూస్తుండగా నోరు తెరిచి ఏడ్చింది.

ఆ నంబర్ బంద్ చేయకే స్వప్నా. డీపీ అట్లే ఉండనీ.

పోయిరా కాకా. ఎండల తిరిగింది చాలు. ఇగ నీడపట్టున చల్లగ పండుకో.